జరగప్పా కొంచెం

మా మామ పత్తికొండ దగ్గర ఒక టూరింగ్ టాకీసులో ఆపరేటరు. బొమ్మ మారే రోజు పొద్దున్నే నన్ను వెంటేసుకొని బస్సు కోసం కాచుకునేవాడు. కర్నూలు బస్సు టాపు మీద నుంచి రీళ్ల పెట్టెలు దిగేవి. రేకు పెట్టెలు. ఎన్ని ఊళ్లు తిరిగొచ్చేవో ఏమో, మూలలన్నీ సొట్టలు. లోపలి రీళ్లు మా దాకా వచ్చేసరికి గీతలు పడి, తెర మీద ఎప్పుడూ సన్నగా వాన కురుస్తూనే ఉండేది. వాన చూడాలంటే టాకీసుకు పోవాల్సిందే అని మా ఊరి పెద్దోళ్లు ఎగతాళి చేసేవాళ్లు. ఆ పెట్టె మూత మీద తెల్ల పెయింటుతో సినిమా పేరు, దాని కింద ఇంగ్లీషులో ఇంకొక మాట ఉండేది. వారం వారం పేరు మారేది గానీ ఆ రెండో మాట మారేది కాదు.

అప్పుడప్పుడే ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటున్న రోజులు. "కెడెడ్" అని చదివినాను. మామ నవ్వి, "కెడెడ్ కాదురా అబ్బీ, సీడెడ్" అని దిద్దినాడు.

"సీడెడ్ అంటే ఏంది మామా?"

"సీడెడ్ అంటే మనమే" అన్నాడు, పెట్టె భుజానికెత్తుకుంటూ.

ఆ జవాబుతో నేను చాలా ఏళ్లు నెట్టుకొచ్చినాను. మా పక్క విత్తన పత్తి పెట్టేవాళ్లు. దాన్ని ఎవరూ విత్తన పత్తి అనరు, సీడు పత్తి అంటారు. బడి లేని రోజు పిల్లలు సీడు చేలల్లో క్రాసింగు పనికి పోయేవాళ్లు. ఒక పువ్వు పుప్పొడిని ఇంకొక పువ్వుకు అద్దడం ఆ పని. కాబట్టి సీడు పండించే నేల సీడెడ్ అయిందని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. తప్పే గానీ, మర్యాదగల తప్పు. కాలేజీలో చరిత్ర మేష్టారు దత్త మండలాల పాఠం చెప్పిన రోజు ఆ మర్యాద కూడా పోయింది. సీడెడ్ అంటే విత్తిన నేల కాదంట, ఇచ్చేసిన నేలంట.

1800 అక్టోబరు 12న హైదరాబాదు నిజాం అలీ ఖానుకూ ఈస్టిండియా కంపెనీకీ ఒప్పందం జరిగింది. నిజాం రక్షణకని కంపెనీ పెట్టిన సైన్యానికి ఖర్చు ఉంది. ఆ ఖర్చు కింద, టిప్పు సుల్తాను మీద యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన నేలనంతా నిజాం కంపెనీకి వదిలేసినాడు. అందులో కడప వైపుది 1792లో వచ్చింది, గుత్తి వైపుది 1799లో. అంటే ఒకటి ఎనిమిదేళ్లు, ఇంకొకటి ఒక్క ఏడాది ఆయన చేతిలో ఉన్నాయి. సరిగా కలియతిరిగి చూసుకున్నది కూడా లేదు. కర్నూలు పట్టణం మాత్రం ఆ లెక్కలో కొంచెం వేరు. ఇక్కడ నవాబు 1839 దాకా ఉన్నాడు. 1800లో కంపెనీకి పోయింది ఆయన కట్టే పేష్కష్ అందుకునే హక్కు. నేల కాదు, నేల మీద వచ్చే రూకలు.

ఇదంతా నాకు పాతబడిపోయిన సంగతి. పోయినేడు మా అన్న కొడుకు ఫొటో పంపకపోయి ఉంటే మళ్లీ దాని జోలికి పోయేవాణ్ణి కాదు. వాడికి ఫ్రాన్సులో, తులూజ్ ఊళ్లో ఉద్యోగం. ఫొటోలో ఒక రోడ్డు, తలకిందులుగా నిలబెట్టిన ఎర్ర అంచు త్రికోణం, దాని కింద పలక. పలక మీద 'సెదే ల పసాజ్' అని ఫ్రెంచిలో రాసి ఉంది. "చిన్నాయనా, ఈడ కూడా మన సీడెడ్ ఉంది చూడు. దారి ఇయ్యమని బోర్డు" అని కింద రాసినాడు. సెలవు రోజు పొద్దుపోక పంపిన ఫొటో. నాకు మాత్రం వారం రోజులు నిద్ర చెడింది.

ఎందుకంటే ఆ బోర్డు దగ్గర ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు. బండి పక్కన ఆపుకొని, పెద్ద రోడ్డు మీద పోయేవాణ్ణి పోనిస్తారు, అంతే. మరి ఇదే మాట మా దగ్గరికి వచ్చేసరికి నేల ఇచ్చేయడం ఎట్లయింది?

మూలం లాటిన్‌లో ఉంది. కేదెరె. రోమువాళ్లు ఆ మొదటి అక్షరాన్ని 'క' అనే పలికేవాళ్లు. తర్వాతి తరాల్లో ఇటలీవాళ్ల నోట 'చ' అయింది, ఫ్రెంచివాళ్ల నోట 'స' అయింది, ఆ 'స'నే ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారు. అంటే బస్టాండులో నేను చదివిన 'కెడెడ్' రోము వీధుల్లో చెల్లే ఉచ్చారణ. మామకు చెబుదామంటే మామ లేడు.

ఆ కేదెరెకు తొలి అర్థం ఇవ్వడం కాదు. నడవడం, పోవడం. తర్వాత పక్కకు పోవడం, ఎదుటివాడికి దారి విడవడం. ఆ విడవడంలో నుంచి చివరికి హక్కు వదులుకోవడం. నిఘంటువులో ఈ అర్థాల వరస చూస్తూ, తెలుగులో దీనికి సమానమైన మాట ఏదా అని వెతికినాను. వెతకాల్సిన పని లేదు, ప్రతిరోజూ బస్సులో వింటున్నదే. "జరగప్పా కొంచెం."

జరుగు. పక్కకు తప్పుకోవడం జరగడమే. సంగతి సంభవించడమూ జరగడమే. "జరిగి కూర్చో" అంటాం, "ఏం జరిగింది?" అంటాం. ఒకటే మాటకు రెండు అర్థాలని మనకు స్ఫురించను కూడా స్ఫురించదు. లాటిన్ మాట పిల్లలు కూడా సరిగ్గా ఈ దారినే నడిచినాయి. కేదెరెకు ముందు ఒక చిన్న ఉపసర్గ తగిలించి సక్కేదెరె అన్నారు, కింది నుంచి పైకి రావడం, వెనక రావడం అని. అది స్పానిష్‌లో సుసెసో అయింది. సుసెసో అంటే జరిగిన సంగతి, అంతే. మంచైనా చెడ్డైనా సుసెసోనే. అదే మాట ఇంగ్లీషులోకి పోయి సక్సెస్ అయి, మంచి జరిగితేనే ఆ పేరు పెట్టుకుంది. ఫ్లాపు సినిమాకు కూడా మనవాళ్లు సక్సెస్ మీట్ పెడుతుంటారు చూడండి, అది లాటిన్ లెక్కన తప్పేం కాదు. ఏదో ఒకటి జరిగింది కదా.

ముందుకు జరగడం ప్రాసెస్. మన కోర్టుల్లో వకీలు గుమాస్తా "ప్రాసెస్ కట్టినారా?" అని అడుగుతాడు. ప్రతివాదికి సమన్లు పంపించే ఖర్చు కట్టినారా అని. జర్మన్లకు 'ప్రోత్సెస్' అంటే ఏకంగా కోర్టు కేసే. కాఫ్కా నవల పేరు అదే. ఎక్కడా ముందుకు జరగని కేసుకు ముందుకు జరగడమని పేరు. వెనక్కు జరగడం రిసెషన్, హద్దు దాటి జరగడం ఎక్సెస్, మనకన్నా ముందు పోయినవాడు యాన్సెస్టర్. నెసెసరీ అన్న మాటలో కూడా ఇదే ఉందంటారు, జరగడానికి వీల్లేనిది అని. అక్కడ నేను కాసేపు ఆగిపోయినాను. మనం 'తప్పనిసరి' అంటాం. తప్పుకో అంటే జరుగు. తప్పనిది అంటే పక్కకు జరగనిది. రోముకూ కర్నూలుకూ నడుమ ఎవరూ ఉత్తరాలు రాసుకోలేదు. రెండు చోట్లా మనుషులు ఇరుకు దారుల్లో ఎదురుపడినట్టున్నారు.

డిసీజ్డ్ కూడా ఈ ఇంటి పిల్లే. పోయినవాడు అని. మా నాయన పింఛను కాగితాల్లో ఆ మాట ఉంటే మా చెల్లెలు రోగం అనుకొని, "నాయనకు ఏం రోగం రాసినారు?" అని అడిగింది. తెలుగులో రాస్తే రెండు మాటలకూ ఒకటే అక్షరాలు కదా మరి. చనిపోయిన మనిషిని లాటిన్‌వాళ్లు కూడా 'పోయినాడు' అనే అన్నారని తెలిసి నాకు ఎందుకో కొంచెం నెమ్మది అనిపించింది.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వస్తాను. పక్కకు జరగడం ఆస్తి ఇవ్వడం ఎట్లయింది? దీనికి జవాబు రోము న్యాయశాస్త్రంలో ఉంది. రెండో శతాబ్దంలో గాయస్ అనే ఆయన రాసిన పుస్తకం చాలా కాలం కనపడకుండా పోయి, 1816లో ఇటలీలోని వెరోనాలో దొరికింది. తోలు కాగితాల మీద దాన్ని గీకేసి పైన వేరే రాత రాసుకుని ఉన్నారు, కింది అక్షరాలు మెల్లగా చదువుకున్నారు. అందులో ఆస్తి బదిలీకి ఒక పద్ధతి చెప్పినాడు. పేరు 'ఇన్ యూరే కెస్సియో'. న్యాయాధికారి ముందు జరగడం అనుకోండి.

అది ఇట్లా ఉంటుంది. అమ్మేవాడూ కొనేవాడూ కలిసి న్యాయాధికారి దగ్గరికి పోతారు. వెంట ఒక బానిసను తీసుకుపోతారు, ఆ రోజు చేతులు మారేది వాడే. కొనేవాడు బానిసను పట్టుకొని, వీడు నావాడు అంటాడు. నిజానికి అప్పటికి ఇంకా కాదు. న్యాయాధికారి అమ్మేవాడి వైపు తిరిగి, నీకేమన్నా అభ్యంతరమా అని అడుగుతాడు. అమ్మేవాడు లేదంటాడు, లేకపోతే ఊరికే నిలబడతాడు. ఆ నిలబడటమే కెస్సియో. మాటల్లో ఇవ్వడం లేదు, చేతిలో పెట్టడం లేదు. అడ్డం రాకుండా పక్కకు జరిగినాడు, అంతే. న్యాయాధికారి బానిసను కొనేవాడికి రాసేస్తాడు.

అక్కడ ముగ్గురు మాట్లాడొచ్చు. నాలుగోవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. వాడు మధ్యలో నిలబడి ఉంటాడు.

ఇది చదివినాక 1800 ఒప్పందం నాకు వేరే తీరుగా కనపడింది. నిజాం ఇచ్చినాడు, ఇచ్చినాడు అంటుంటాం గానీ, ఆయన చేసింది పక్కకు జరగడం. జరిగినాడు కాబట్టి జరిగింది. మా జేజినాయనల జేజినాయనలు ఆ పొద్దు చేనులో ఉండి ఉంటారు, కొర్రో జొన్నో కోసుకుంటూ. రాత్రి పడుకొని పొద్దున లేచేసరికి సీడెడ్ అయిపోయినారు. వాళ్ల కాళ్ల కింద నేల అంగుళం కూడా జరగలేదు.

మరి 'దత్త' అన్న మాట ఎక్కడిది? సీడెడ్‌ను సంస్కృతంలోకి తిప్పిన వాళ్లు మంచి మనసుతోనే తిప్పి ఉంటారు. దత్త అంటే ఇవ్వబడినది. దత్తపుత్రుడు, దత్తత, దానం అన్నీ ఆ ధాతువు పిల్లలే. చిత్రంగా దీనికి కూడా లాటిన్‌లో ఒక చుట్టం ఉంది. దారె అంటే ఇవ్వడం, దతుమ్ అంటే ఇచ్చినది, అలాంటివి చాలా ఉంటే దత. సంస్కృతం దత్త, లాటిన్ దత రక్తసంబంధీకులు. రోములో ఉత్తరం చివర 'ఫలానా ఊళ్లో, ఫలానా రోజు ఇవ్వబడినది' అని రాసేవాళ్లు, దాంట్లో నుంచే తేదీకి డేట్ అన్న పేరొచ్చింది. ఇంకొకటి మా మేనకోడలు పూటకోసారి అంటుంటుంది. "మామా, డేటా అయిపోయింది." దత్తం అయిపోయిందంట పిల్లకు. రీఛార్జి చేయించాలి.

కానీ దత్తత ఊరికే అయిపోయేది కాదు. కన్నవాళ్లు పిల్లవాణ్ణి తమ చేతులతో ఎత్తి పెంచుకునేవాళ్ల ఒడిలో పెట్టాలి. ఇచ్చినామని వాళ్లు, పుచ్చుకున్నామని వీళ్లు, చూసినామని బంధువులు. అక్కడ కళ్లనీళ్లు ఉంటాయి. జరగడానికి 'ఇవ్వడం' అని పేరు పెట్టేసరికి, లేని తండ్రి ఒకడు పుట్టుకొచ్చినాడు. దత్త మండలాలు అనే మాటలో నాకు గుచ్చుకునేది అవమానం కాదు, లేని ఆప్యాయత.

ఆ పేరు నచ్చనివాళ్లు మా కన్నా ముందే ఉన్నారు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు గారు దత్త మండలాలు అనొద్దు, రాయలసీమ అందామన్నారు. ఆయన ఈ నేలవాడు కాదు, ఉత్తరాంధ్ర నుంచి వచ్చినాయన. అనంతపురం కాలేజీలో తెలుగు చెప్పేవాడు. ఆ కాలేజీని 1916లో పెట్టినప్పుడు దాని పేరే దత్తమండల కళాశాల. గేటు మీద రోజూ ఆ పేరు చదువుకుంటూ లోపలికి పోయినవాడికి విసుగు పుట్టకుండా ఉంటుందా? పైగా ఆయన భాషావేత్త. తెలుగు ద్రావిడ భాష కాదు, ప్రాకృతం నుంచి పుట్టిందని 'ఆంధ్ర భాషా చరిత్రము' రాసినాడు. ఆ వాదం తర్వాత నిలబడలేదు. ఆ రోజు పెట్టిన పేరు మాత్రం నిలబడింది.

నిలబడిందంటే, సినిమావాళ్ల దగ్గర తప్ప. వాళ్లకు ఇప్పటికీ మేం సీడెడ్డే. నిజాం రాజ్యం 1948లో పోయింది, కంపెనీ అంతకన్నా ముందే పోయింది. నైజాం ఇంత, సీడెడ్ ఇంత అని కలెక్షన్లు చెప్పేవాళ్లు మాత్రం పోలేదు. 1800 నాటి ఒప్పందాన్ని ఇంకా అక్షరం పొల్లుపోకుండా పాటిస్తున్నది ప్రపంచంలో మన డిస్ట్రిబ్యూటర్లు ఒక్కళ్లే. వాళ్ల లెక్కలో పాత చిత్తూరు జిల్లా కూడా సీడెడ్డే. చరిత్రలో చూస్తే దాంట్లో మదనపల్లె వైపు తప్ప మిగతాది ఆర్కాటు నవాబు సీమ. వాళ్ల సినిమా పోస్టర్లలోనే మా నేలకు సుమోలు, వేటకొడవళ్లు, తొడ చరచడాలు తగిలించినారు. దాని గురించి రాయాలంటే వేరే వ్యాసం కావాలి, కొంచెం కోపం కూడా కావాలి.

జరగమంటే జరగనివాళ్లు లేకపోలేదు. 1800లో థామస్ మన్రో దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చేసరికి ఇక్కడ ఎనభై మంది దాకా పాళెగాళ్లు ఉన్నారు. తరతరాల కోటలు, సొంత బంట్లు. మన్రో వాళ్లను ఒక్కొక్కరినీ పక్కకు జరిపి, పింఛన్లు పెట్టి, నేలను రైతు పేరున రాసి, శిస్తు రైతు దగ్గరే వసూలు చేసే పద్ధతి తెచ్చినాడు. ఆ జరిగిన కుటుంబాల్లో ఒకదానిలో పుట్టిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పింఛను రూపాయల దగ్గర మొదలైన తగువులో కంపెనీ మీద తిరగబడినాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసి, తలను కోట మీద వేలాడదీసినారు. 1877 దాకా అది అక్కడే ఉంది. ముప్పై ఏళ్లు ఆ మనిషి ఉన్నచోటు నుంచి జరగలేదు.

మన్రో సంగతి వేరే. ఏడేళ్లు ఈ సీమ అంతా తిరిగి, పోయి, మద్రాసు గవర్నరై, ఇక ఇంగ్లండు పోదామనుకున్నవాడు ఒకసారి ఈ జిల్లాలు చూసి పోతానని వచ్చినాడు. 1827 జూలై 6న మా పత్తికొండలోనే కలరాతో పోయినాడు. గుత్తిలో పూడ్చి, తర్వాత మద్రాసుకు తీసుకుపోయినారు. ఆయన మీద ప్రేమతో ఇక్కడ పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. పరాయి మాటను ఇంటి పిల్లకు పేరుగా పెట్టుకోవడం, నా దృష్టిలో, దత్తత అంటే ఇది.

పట్టణాలు కూడా జరుగుతాయి. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. కట్టడాలు చాలక గుడారాల్లో ఆఫీసులు నడిచినాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలు ఎత్తడం సులువు. ఎవరినన్నా అడిగినారా, అడిగితే ఎవరన్నా అభ్యంతరం చెప్పినారా అన్నది మా ఊళ్లో ఇప్పటికీ టీ అంగడి దగ్గర తెగని ప్రోత్సెస్.

పోయిన సంక్రాంతి తర్వాత ఆదోని నుంచి కర్నూలు వచ్చే బస్సు ఎక్కినాను. పల్లెవెలుగు బస్సు. ఎమ్మిగనూరులో ఒక గుంపు ఎక్కింది. ఆడోళ్లు, మగోళ్లు, నలుగురు పిల్లలు. గోతాం సంచుల్లో గిన్నెలు, ఒక గ్యాసు పొయ్యి, చుట్టచుట్టిన దుప్పట్లు. ఒకామె చంకలో ప్లాస్టిక్ బిందె, బిందెలో జొన్నపిండి. కొంగు చివర ముడి, ముడిలో తాళం చెవి ఆకారం తెలుస్తోంది. బస్సంతా నిండిపోయి ఉంది.

"జరగన్నా కొంచెం" అనింది నన్ను.

జరిగినాను. సీటు చివర అంత చోటులో కూర్చొని బిందె ఒళ్లో పెట్టుకుంది.

"ఏ ఊరమ్మా?"

"కోసిగి పక్క."

"యాడికి పోతాండారు?"

"సుగ్గికి. గుంటూరు సైడు. మిరప్పండ్లు తెంచేకి." ఈడ పనుల్లేవు అనలేదు, కరువనలేదు. "జరుగుబాటు కావాల గదన్నా" అనింది.

జరుగుబాటు. రోజు గడవడం. ఆ మాట నా వరసలో లేకుండా పోయింది ఇన్నాళ్లూ.

"బడి పిల్లలు కదా, వీళ్ల చదువు?"

"అవ్వ దగ్గర ఇడిసిపెడదామంటే అవ్వ కూడా సుగ్గికే వచ్చ." వెనక సీట్లో సంచి మీద కూర్చున్న ముసలామె నవ్వింది. పైవరసలో రెండే పండ్లు.

కోడుమూరు దగ్గర ఇంకా కొందరు ఎక్కినారు. కండక్టరు వెనక నుంచి అరిచినాడు, "లోపలికి జరగండి, జరగండి." ఆమె బిందెను కాళ్ల సందుకు దించి, నా వైపు ఇంకొంచెం ఒదిగి, ఎక్కినవాళ్ల పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది.